కూలి లెక్క కూడా ఆరాధనే

(సిరొంచ ప్రాంత విశ్వాసుల కూడికలో ఒక పాస్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ కూడికలో నాకిచ్చిన అంశం "రోజువారీ పనిలో దేవుని పిలుపు". మంచి అంశం. అయితే జాగ్రత్తగా పట్టుకోవలసిన అంశం. కష్టపడి అలసిపోయిన మనిషికి "నీ పని పవిత్రమైనదమ్మా, ఓర్చుకో" అని చెప్పి ఇంటికి పంపడం చాలా తేలిక. యజమానులకు కూడా అలాంటి ప్రసంగమే ఇష్టం. అందుకని ఈ రోజు రెండు మాటలు కలిపి చెప్తాను. మీ చేతి పనిని దేవుడు సేవగా ఎంచుతాడు, ఇది మొదటి మాట. ఆ పనికి రావలసిన లెక్క ఎగ్గొట్టిన చోట ఆరాధన సగమే జరిగింది, ఇది రెండో మాట. ఒకటి పట్టుకుని ఇంకొకటి వదిలిపెడితే సువార్త చెప్పినట్టు కాదు.

మన సంఘాల్లో "సేవ" అనే మాట ఎవరికి వాడతాం? పాస్టరుకు వాడతాం, సువార్తికుడికి వాడతాం. "ఆయన సేవలోకి వచ్చాడు" అంటే చేస్తున్న పని మానేశాడని అర్థం. మరి పని మాననివాళ్లు ఏం చేస్తున్నట్టు? ఇంటింటి ప్రార్థనకు వెళ్లినప్పుడు "ఏం పని చేస్తున్నవమ్మా" అని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: "ఏం లేదయ్యగారు, కైకిలికి పోతున్న." ఏం లేదట! తెల్లారకముందే లేచి, వంట చేసి, పిల్లలకు సద్ది పెట్టి, అడవికి పోయి తునికాకు తెంపి, మధ్యాహ్నం నీడకు కూర్చొని కట్టలు కట్టి, సాయంత్రం కల్లం దాకా మోసుకుపోయే మనిషి తన పనిని "ఏం లేదు" అని మొదలుపెడుతోంది. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారు? ఊరు నేర్పింది, కులం నేర్పింది. మందిరం కూడా దాన్ని దిద్దలేదు.

బైబిలు ఏం చెప్తుందో చూద్దాం. ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు మనిషిని తోటలో పెట్టింది దాన్ని సేద్యం చేసి కాపాడటానికి. అప్పటికింకా పాపం రాలేదు. కాబట్టి పని శాపం కాదు. శాపం తర్వాత వచ్చింది ముళ్లూ చెమటా. అక్కడ సేద్యం అన్నదానికి హీబ్రూలో వాడిన క్రియ "అవద్". దేవుణ్ణి సేవించడానికి, ఆరాధించడానికి కూడా అదే క్రియ. మా వేదాంత కళాశాలలో ఇది నేర్చుకున్న రోజు అందరం సంతోషపడ్డాం. కానీ నిర్గమకాండం తెరిస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఫరో ఇశ్రాయేలీయుల చేత ఇటుకలు చేయించిన వెట్టికి కూడా ఆ మాటే. అదే జనాన్ని పంపించు, నన్ను సేవిస్తారు అని దేవుడు మోషే ద్వారా ఫరోకు చెప్పించినప్పుడూ ఆ మాటే. పని, వెట్టి, ఆరాధన, మూడింటికీ ఒకే మూలం. అంటే ఒక పని ఆరాధన అవుతుందా వెట్టి అవుతుందా అన్నది ఆ పనిని బట్టి మాత్రమే తేలదు. ఎవరి కింద చేస్తున్నాం, ఏ షరతుల మీద చేస్తున్నాం అన్నదాన్ని బట్టి తేలుతుంది.

మన ప్రభువు సంగతి కూడా గుర్తు చేసుకోండి. నజరేతువాళ్లు ఆయన్ని వడ్లవాడిగానే ఎరుగుదురు. మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. సుమారు ముప్పై ఏళ్ల వయసులో ఆయన బాప్తిస్మం తీసుకున్నప్పుడు, ఈయన యందు ఆనందిస్తున్నానని ఆకాశం నుంచి తండ్రి స్వరం వినబడింది. అప్పటికి ఆయన ఒక్క ప్రసంగం చేయలేదు, ఒక్క రోగిని బాగుచేయలేదు. ఊళ్లో జనానికి తెలిసినంత వరకు చేసింది కొయ్య పనే. తండ్రి ఆనందించింది ఆ చేతులు గల మనిషిని చూసే. అందుకని అక్కా, ఇకమీదట ఎవరైనా అడిగితే "ఏం లేదు" అనకండి. "కైకిలి చేస్తున్న" అని తల ఎత్తి చెప్పండి.

ఇప్పుడు కొలస్సయుల పత్రిక మూడో అధ్యాయానికి రండి. పని గురించి ప్రసంగం అనగానే మనం తీసే వాక్యం 23వ వచనం. ఏమి చేసినా మనుషుల కోసం అన్నట్టు కాక ప్రభువు కోసం అన్నట్టు మనస్ఫూర్తిగా చేయమని పౌలు అంటాడు. క్యాలెండర్ల మీద చూస్తాం, ఆఫీసు గోడల మీద చూస్తాం. పౌలు ఆ మాట ఎవరికి రాశాడు? దాసులకు రాశాడు. జీతం లేనివాళ్లకు, తమ ఒంటి మీద తమకే హక్కు లేనివాళ్లకు. ఆ వెంటనే మీకు స్వాస్థ్యం దొరుకుతుందని కూడా రాశాడు. రోమా చట్టం ప్రకారం దాసుడికి వారసత్వం లేదు. లేని హక్కును పౌలు వాళ్ల పేరున రాసిపెట్టాడు. ఆ తర్వాతి వచనంలో అన్యాయం చేసినవాడికి తన అన్యాయం తిరిగి వస్తుందనీ, అక్కడ పక్షపాతం లేదనీ అన్నాడు. ఆ తర్వాత యజమానులవైపు తిరిగి, మీ దాసులకు న్యాయమైనదీ సమానమైనదీ ఇవ్వండి, మీకూ పైన ఒక యజమానుడున్నాడని చెప్పాడు.

ఈ చివరి మాట ఎక్కడుంది? నాలుగో అధ్యాయం మొదటి వచనంలో ఉంది. బైబిలుకు మనం వాడే అధ్యాయాలు 13వ శతాబ్దంలో పెట్టినవి. పౌలు పంపిన ఉత్తరంలో అక్కడ గీత లేదు. దాసులకు చెప్పిందీ యజమానులకు చెప్పిందీ ఒక్క ఊపిరిలో చెప్పాడు. మనం మాత్రం మూడో అధ్యాయం అయిపోగానే బైబిలు మూసి ప్రార్థన చేస్తున్నాం. ఆ ఒక్క వచనం ఇవతల ఆగిపోయినందుకు ఎంతమంది కూలి పోయిందో దేవుడికి తెలుసు.

ఈ మాట కొత్తగా కనిపెట్టింది కాదు. మన తెలుగు సంఘ చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 1876 నుంచి 78 వరకు మద్రాసు రాష్ట్రంలో ఘోరమైన కరువు వచ్చింది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఉండేవారు, యౌవనంలో సర్వే పని నేర్చుకున్న మనిషి. కరువు పని కింద ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్ల పని ఆయన గుత్తకు తీసుకున్నారు. మన బోధకుల్ని ఆ పని మీద అజమాయిషీకి పెట్టారు. మిగతా చోట్ల తిట్లూ దెబ్బలూ తిని, కూలిలో కోతలు పడిన మాదిగలు, మాలలు, ఇంకా ఎన్నో కులాలవాళ్లు ఇక్కడ తవ్విన మట్టికి తగిన కూలి చేతికి తీసుకున్నారు. సాయంత్రం అక్కడే వాక్యం విన్నారు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరువు కాలంలో ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. కరువు పని ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య మనం గొప్పగా చెప్పుకుంటాం. దాని వెనకాల ఉన్న కూలి లెక్క చెప్పుకోం. వాళ్లకు బోధకుడి నోటి మాట నమ్మాలనిపించింది ఎందుకంటే, అంతకుముందే ఆయన మట్టి కొలతలో మోసం చేయలేదు.

ఆ కాలపు మాదిగ విశ్వాసులు ఇంకో పని కూడా చేశారు. ఆదివారం పనికి రామన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు, జాతరలో డప్పు కొట్టమన్నారు. దానికి ఊళ్లో పెద్దలు వాళ్లను హింసించారు, పనులు మానిపించారు. మనకు ఆదివారం అంటే ఇస్త్రీ బట్టలు. వాళ్లకు ఆదివారం అంటే వారంలో ఒక రోజు నేను ఎవరి మనిషినీ కాదు, దేవుడి మనిషిని అని చెప్పే హక్కు.

ఇక మన ప్రాణహిత ఒడ్డుకు వద్దాం. ఎండాకాలంలో కొన్ని వారాలు మన ఇళ్లన్నీ తునికాకు మీదే ఉంటాయి. నది ఇవతల మన గడ్చిరోలిలో కట్టకు 70 ఆకులు, అవతల తెలంగాణలో 50. ఆ లెక్క చిన్నపిల్లకు కూడా తెలుసు. కానీ కల్లం దగ్గర ఇంకో లెక్క ఉంటుంది. ఆకు చిన్నదని ఒక కట్ట పక్కన పడేస్తారు, తరుగు అని వందకు ఇన్ని కట్టలు ఊరికే తీసుకుంటారు. తీసుకునేవాడు ఎక్కడి నుంచో వచ్చిన కాంట్రాక్టరే కానక్కర లేదు. కల్లేదారు మన ఊరివాడే కావచ్చు, మన మందిరంలో ముందు వరుసలో కూర్చునేవాడే కావచ్చు. ఆమోసు ప్రవక్త ఎనిమిదో అధ్యాయంలో కొందరి గురించి చెప్తాడు. విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, కొలత తగ్గించి ధర పెంచి అమ్ముకుందామా అని ఎదురుచూసేవాళ్లు. వాళ్లు గుడికి వస్తున్నారు, పండుగలు ఆచరిస్తున్నారు. దేవుడి కోపం వాళ్ల తూకం రాళ్ల మీద పడింది.

ఈ అడవిలో ఆకు రేటు గురించి మొదట గట్టిగా మాట్లాడింది మందిరాలు కావన్న సంగతి మనందరికీ తెలుసు. 1980ల్లో ఆ మాట తుపాకులు పట్టుకున్నవాళ్ల నోట వచ్చింది. తర్వాత నలభై ఏళ్లు రెండు వైపులా ఎందరు తల్లులు ఏడ్చారో నేను చెప్పనక్కర లేదు. న్యాయం అడగవలసినవాళ్లు మౌనంగా ఉంటే ఆ ఖాళీ ఖాళీగా ఉండదు.

వేరే దారి కూడా ఇదే జిల్లాలో కనబడింది. ధనోరా తాలూకా మేంఢా లేఖా అనే గోండు గ్రామం 2009లో అటవీ హక్కుల చట్టం కింద తన అడవి మీద సామూహిక హక్కు పత్రం తెచ్చుకుంది. 2011 నుంచి వెదురు తామే కోసి తామే అమ్ముకున్నారు. పెసా చట్టాన్ని, అటవీ హక్కుల చట్టాన్ని పట్టుకుని జిల్లాలో ఎన్నో గ్రామసభలు తునికాకు కూడా తామే వేలం వేసుకుంటున్నాయి. అక్కడ లెక్క పుస్తకం గ్రామసభ ముందు తెరవాలి. వాళ్లు క్రైస్తవులు కాకపోవచ్చు. కానీ ఆ పుస్తకం తెరిచే చోటు నాకు పరిశుద్ధ స్థలంలాగే కనిపిస్తుంది. మన విశ్వాసులు గ్రామసభ రోజున "మనకెందుకు రాజకీయాలు" అని ఇంట్లో కూర్చోకూడదు. మరాఠీ చదవగలిగిన పిల్లలు, తెలుగే చదవగలిగిన పెద్దల పక్కన కూర్చొని కాగితంలో ఏముందో చదివి చెప్పాలి. అది కూడా వాక్య పరిచర్యే.

ఆకు అయిపోతుంది, వానాకాలం పంట అయిపోతుంది, తర్వాత మిరప ఏరే కాలం వస్తుంది. నది దాటి ములుగు, భూపాలపల్లి, భద్రాద్రి, ఖమ్మం వైపు గుంపులు గుంపులుగా పోతాం. మనమూ పోతాం, ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసులూ వస్తారు. కొన్నిచోట్ల రోజు కూలి, కొన్నిచోట్ల కిలో లెక్క, కొన్నిచోట్ల మిరపకాయలే కూలి. 2020 ఏప్రిల్ గుర్తుందా? లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిరప చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి నడుచుకుంటూ బయలుదేరిన 12 ఏళ్ల ఆదివాసీ పాప మూడు రోజులు నడిచి, ఇల్లు ఇక కొద్ది దూరం ఉందనగా దారిలోనే చనిపోయింది. పన్నెండేళ్ల పిల్ల. దేశమంతా ఒక వారం బాధపడింది. మనం ఆ దారి పక్కన ఉన్నవాళ్లం. మన గుంపుల్లో అంత వయసు పిల్లలు ఇప్పటికీ లేరని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలమా?

ఆ పాప ముందు నిలబడి "పనే ఆరాధన" అని నేను ప్రసంగం చేయలేను. పన్నెండేళ్ల పిల్లకు దేవుడిచ్చిన పని చదువుకోవడం, ఆడుకోవడం. అలాగే పాకీ పని ముందు కూడా ఆ మాట చెప్పలేను. కోలార్ బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు మీకు తెలుసు. ఆయన ఇంటివాళ్లు చేసింది ఆ పనే. ఆయన ఆ పనికి పవిత్రత అంటగట్టలేదు. సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టి, ఆ పనే లేకుండా చేయాలని జీవితం పెట్టారు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. కొన్ని పనుల విషయంలో దేవుని పిలుపు ఆ పనిని ఆపించడమే. కులం పనిని పంచడంతో ఆగలేదు, పనిచేసే మనుషులనే మెట్లు మెట్లుగా విడదీసిందని అంబేడ్కర్ 1936లో "కుల నిర్మూలన"లో వాదించారు. లూథరు మహాశయుడు పాలు పితికే మనిషి పనిని సన్యాసి ప్రార్థనతో సమానం చేశాడు, మంచిదే. కానీ ఎవరి స్థానంలో వాళ్లు ఉండండి అన్న అతని మాటను మన దేశానికి యథాతథంగా తెస్తే అది కులానికి బాప్తిస్మం ఇచ్చినట్టే అవుతుంది.

మన కళ్ల ముందే ఇంకో పాఠం ఉంది. మేడిగడ్డ బ్యారేజీ 2019 జూన్‌లో ప్రారంభమైంది. 2023 అక్టోబరు 21న దాని పియర్లు కుంగాయి. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు ప్రణాళికలో, డిజైనులో, నాణ్యత పరిశీలనలో, నిర్వహణలో లోపాలు చూపించారు. ఇవతలి ఒడ్డున మన సిరొంచ రైతులు పొలం పోయిందని, పరిహారం కావాలని ఎన్నిసార్లు ధర్నాలకు కూర్చున్నారో మీరు చూశారు. లోతుగా తవ్వి బండ మీద పునాది వేసిన ఇంటి గురించి మన ప్రభువు చెప్పాడు. పని తెలిసినవాడు చెప్పిన ఉపమానం అది. ఎక్కడో ఒక గదిలో కొలత చూసి సంతకం పెట్టే మనిషికి కూడా ఆ సంతకమే ఆ రోజు ఆరాధన. అది సరిగా లేకపోతే నీళ్లు వచ్చేది వేరే ఎవరి పొలంలోకో.

ఇంత చెప్పాక మీరు అడుగుతారు, అయ్యగారూ, మరి మేమేం చేయాలి అని. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి జనం ఇదే ప్రశ్నతో వచ్చారు. ఆయన పని మానేసి నా వెంట అడవికి రండి అనలేదు. సుంకరికి సుంకం లెక్క గురించి చెప్పాడు, సిపాయికి దౌర్జన్యం మానమన్నాడు. ఎవరి మారుమనస్సు వాళ్ల పని దగ్గరే కనబడాలన్నాడు. ఆ పద్ధతిలోనే నేను మూడు అడుగుతాను.

మొదటిది, మిరప ఏరడానికి పోయే ప్రతి గుంపుకూ ఒక నోటుబుక్కు ఉండాలి. ఎవరి చేనుకు పోతున్నాం, రేటెంత, అడ్వాన్సెంత, ఏ రోజు ఎంత ఏరాం, అన్నీ అందులో ఉండాలి. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చినప్పుడే కూలివాడి చేతిలో ఫోటోతో పాస్‌బుక్కు ఉండాలని, కూలి వివరాలు అందులో రాయాలని చెప్పింది. మనం కనీసం నోటుబుక్కయినా పెట్టుకుందాం. బయలుదేరే ముందు మందిరంలో మేస్త్రీ, కూలీలు కలిసి ఆ మొదటి పేజీ చదవాలి. తర్వాతే ప్రయాణ ప్రార్థన.

రెండోది, బడి వయసు పిల్లలు ఊళ్లోనే ఉండాలి. తల్లిదండ్రులు పోయిన ఆ రెండు మూడు నెలలు వాళ్లను ఎవరింట్లో ఉంచుతాం, అన్నం ఎవరు పెడతారు అన్నది సంఘం ముందుగానే తేల్చాలి. ముసలమ్మలు చూసుకుంటారు, మిగతా ఇళ్లు బియ్యం ఇస్తాయి. మందిరం గచ్చు వారమంతా ఖాళీగానే ఉంటుంది కదా.

మూడోది కొంచెం కష్టమైన మాట. కోతకాల పండుగకు కానుకలు తెచ్చేటప్పుడు, నీ సహోదరుడికి నీమీద ఏదైనా ఉంటే కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు అతనితో సమాధానపడమని ప్రభువు చెప్పింది గుర్తుంచుకోండి. కూలి బాకీ కూడా ఆ "ఏదైనా"లోదే. బిగపట్టిన కూలి మొర పెడుతుందని యాకోబు ఐదో అధ్యాయంలో రాశాడు. బాకీ ఉన్నవాళ్లు ముందు బాకీ తీర్చి రండి. దశమభాగం ఒక వారం ఆలస్యమైతే దేవుడు పస్తుండడు. కూలి ఒక వారం ఆలస్యమైతే ఒక ఇల్లు పస్తుంటుంది. ఈ మాటకు కానుక తగ్గుతుందేమో, కమిటీకి కోపం వస్తుందేమో. తగ్గనివ్వండి. పొద్దు గుంకక ముందే కూలి ఇవ్వమని ద్వితీయోపదేశకాండంలో ధర్మశాస్త్రం చెప్పింది. అది చదివి కూడా మౌనంగా ఉంటే నా పని కూడా వెట్టే అవుతుంది, కానుకల కింద వెట్టి.

దుకాణం పెట్టుకున్న అన్నా, నీ కాంటా నీ బలిపీఠం. బడిలో చెప్పే అక్కా, వెనక బెంచీలో కూర్చున్న మాడియా పిల్లవాడి భాష నీకు రాకపోయినా వాడి పేరు సరిగా పలకడం నీ ప్రార్థన. ఆశా కార్యకర్త అయిన చెల్లీ, వానలో వాగు దాటి బాలింత దగ్గరికి పోయిన రోజు నువ్వు సేవలోనే ఉన్నావు. కైకిలి చేసే అమ్మా, నీ చేతిలో ఉన్న కట్టలో 70 ఆకులు దేవుడు కూడా లెక్కపెడుతున్నాడు. అందులో ఒక్కటి కూడా ఎవరూ ఊరికే తీసుకోకూడదని ఆయన చూస్తున్నాడు.

రేపు సోమవారం. మన ఆరాధన రేపు పొద్దున్నే మొదలవుతుంది. ప్రభువు మీ చేతి పనిని స్థిరపరచును గాక, మీ కూలిని మీ చేతికి వచ్చేలా చేయును గాక. ఆమేన్.